మొరగదు కదా అని బసెంజీని తెచ్చుకోకండి

(కొండాపూర్‌లో కుక్కలు పెంచుకునేవాళ్ళు పెట్టుకున్న ఒక ఆదివారం మీటింగ్‌లో మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని టైప్ చేశాం. మధ్యలో వచ్చిన ప్రశ్నలు కూడా అలాగే ఉంచాం.)

నమస్కారం అండి అందరికీ. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? ఆ, ఓకే. అమ్మా, ఆ లాబ్రడార్‌ని కాస్త ఫ్యాన్ కిందకి తీసుకెళ్ళండి, పాపం బాగా రొప్పుతోంది.

నన్ను పిలిచినప్పుడు పెట్టిన టాపిక్ "అపార్ట్‌మెంట్‌కి బెస్ట్ బ్రీడ్ బసెంజీ" అని. ఆ హెడ్డింగ్ తీసేస్తేనే వస్తానన్నాను. ఎందుకంటే ఈ మధ్య నాకు ఫోన్ చేసేవాళ్ళు చాలామంది అడిగేది ఒకటే, "మేడమ్, మా అసోసియేషన్ వాళ్ళు కుక్క మొరిగితే ఊరుకోరు, బసెంజీ మొరగదట కదా, ఎక్కడ దొరుకుద్ది, ఎంత?" అని. మొరగదన్న మాట దాదాపు నిజమే. మొరగదు కాబట్టి మనకి తలనొప్పి ఉండదు అనుకోవడం ఉంది చూశారా, అదే అసలు సమస్య. ఇవాళ నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది, కాబట్టి ఫొటోలు, స్లైడ్లు ఏమీ తేలేదు, క్యూట్‌గా ఉంటుందని మీకు ఇప్పటికే తెలుసు.

ముందు గొంతు సంగతి. దీని స్వరపేటిక మిగతా కుక్కల కంటే కొంచెం తేడాగా ఉంటుంది, అందుకని ఆగకుండా భౌభౌమని మొరగదు. ఎప్పుడైనా ఒక్కసారి 'బఫ్' అని ఊరుకుంటుంది. కానీ మూగది మాత్రం కాదండోయ్! సంతోషం వస్తే 'అరూఊఊ' అని సాగదీసి ఒక రాగం తీస్తుంది, దాన్నే యోడెల్ అంటారు. మా వాడి పేరు బెల్లం, ఆ ఎరుపు రంగు చూసి మా అమ్మ పెట్టింది, వాడు నేను తలుపు తాళం తీస్తుంటేనే లోపల్నుంచి మొదలుపెడతాడు, లిఫ్ట్ దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా నవ్వుకుంటారు. ఇదంతా ముద్దుగానే ఉంటుంది. ముద్దుగా లేనిది కేక. నచ్చని పని చేసినా, ఒంటరిగా గదిలో పెట్టినా కొన్ని బసెంజీలు పెట్టే కేక అచ్చం చిన్నపిల్లని ఎవరో చావబాదుతున్నట్టు ఉంటుంది. ఒకసారి గోళ్ళు కట్ చేస్తుంటే వీడు పెట్టిన కేకకి మా వాచ్‌మన్ పరిగెత్తుకుంటూ పైకి వచ్చి, తలుపు సందులోంచి లోపలికి తొంగి చూస్తూ "మేడమ్, ఇంట్లో పిల్లలెవరైనా ఉన్నారా?" అని అడిగాడు. లోపల గోరు కట్టర్ పట్టుకుని నేను, సోఫా కింద దూరి వాడు. కాబట్టి శబ్దం ఉండదని బసెంజీ కావాలనుకునేవాళ్ళు ఇక్కడే ఇంకోసారి ఆలోచించుకోండి.

ఇక రెండోది, ఇది అసలు ఎక్కడి కుక్క అన్నది. ఇది తెలియకుండా దీని బుద్ధి అర్థం కాదు. మధ్య ఆఫ్రికా, కాంగో నది చుట్టుపక్కల అడవులు. అక్కడ అజాండే, మాంగ్బెటు లాంటి తెగల వాళ్ళు దీన్ని వేటకి తీసుకెళ్ళేవాళ్ళు, పొదల్లో దూరి జంతువుల్ని వలల్లోకి తరమడం దీని పని. గట్టిగా మొరగదు కాబట్టి ఎక్కడుందో తెలియాలని మెడలో గంట కట్టేవాళ్ళు. ఇప్పుడు ఆలోచించండి, మనిషికి కనపడనంత దూరంలో పొదల్లో ఉన్న కుక్క యజమాని ఆర్డర్ కోసం ఎదురుచూస్తూ కూర్చోదు కదా. ఎటు తిరగాలి, ఎప్పుడు దూకాలి, అన్నీ తానే నిర్ణయించుకుంటుంది. అలాంటివే తరతరాలుగా నిలబడ్డాయి. అందుకని మీరు "సిట్" అంటే దానికి అర్థం కాక కాదు కూర్చోనిది, అర్థమయ్యాక, కూర్చుంటే నాకేంటి అని ఒక క్షణం మీ చేతివైపు చూస్తుంది. చేతిలో ఉడికించిన చికెన్ లివర్ ముక్క ఉంటే కూర్చుంటుంది. లేకపోతే దాని ఇష్టం. మన దగ్గర చాలామంది జర్మన్ షెపర్డ్‌ని చూసి కుక్కంటే ఇలా ఉండాలి అనుకుంటారు, "కొడితే వింటుంది" అనేవాళ్ళు కూడా ఇంకా ఉన్నారు మన మధ్యలో, బసెంజీని కొడితే వినదు సరికదా మిమ్మల్ని నమ్మడం మానేస్తుంది, తర్వాత చెయ్యి పైకెత్తితే పళ్ళు చూపిస్తుంది. కొట్టే అలవాటున్న ఇల్లయితే దయచేసి వద్దు.

సైజు చిన్నదే. భుజం దగ్గర ఎత్తు మగదానికి 43 సెంటీమీటర్లు, ఆడదానికి 40, బరువు పది పదకొండు కేజీలు. నుదుటి మీద ముడతలు, నిక్కపొడుచుకున్న చెవులు, నడుము మీదకి చుట్టుకున్న తోక. ఒళ్ళంతా పిల్లిలా తనే నాకి శుభ్రం చేసుకుంటుంది, కుక్క వాసన దాదాపు ఉండదు, వెంట్రుక పొట్టిది. ఇవన్నీ నిజమే, వీటి గురించి నేను ఎక్కువ చెప్పను. ఎందుకంటే అమ్మేవాళ్ళు ఇవే చెప్తారు, చెప్పనివి మాత్రమే నేను చెప్తా.

మన హైదరాబాద్ ఫ్లాట్లలో బాల్కనీకి పావురాల కోసం నైలాన్ నెట్ కొట్టించుకుంటాం కదా. ఆ నెట్ ఉంది కాబట్టి కుక్క సేఫ్ అనుకుంటారు. మా ఇంట్లో ఏమైందంటే, నెట్‌కి అవతల గట్టు మీద పావురం వాలింది, వీడు ఇవతల కూర్చుని ఏమీ చప్పుడు చేయకుండా, అసలు కదలకుండా, ఆ నెట్‌ని కింద మూల నుంచి ఒక్కొక్క దారం కొరుకుతూ పోయాడు. మా అమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది, ఆవిడకి తెలియలేదు. తల పట్టేంత కన్నం పడ్డాక చూసి కాలర్ పట్టుకుని లాగింది. మేం ఉండేది ఏడో అంతస్తు. ఆ సాయంత్రమే మెష్ వాడిని పిలిపించి స్టీల్ గ్రిల్ వేయించాం. మొరిగే కుక్కయితే పావురాన్ని చూసి మొరుగుతుంది, మనం వెళ్ళి చూస్తాం, ఇది మొరగకపోవడం వల్లే మనకి తెలియదు, అర్థమైందా అండి నేను చెప్పేది? సైలెంట్‌గా ఉంది అంటే పడుకుందని కాదు, పనిలో ఉందని.

దీనికి చూపు, ముక్కు రెండూ వేట కుక్కవే. ఉడత కనపడితే, పిల్లి కనపడితే, ఒక్కోసారి గాలికి ఎగిరే పాలిథిన్ కవర్ కనపడినా సరే, ఆ క్షణంలో మీ పేరు, దాని పేరు రెండూ గుర్తుండవు. బయట లీష్ ఎప్పుడూ తీయకండి, ఎంత ట్రైనింగ్ అయినా సరే, ఎన్నేళ్ళ కుక్కయినా సరే. నల్లగండ్ల, తెల్లాపూర్ వైపు ఖాళీ ప్లాట్లు ఉన్నాయి కదా కాసేపు వదులుదాం అనుకుంటారు, అక్కణ్ణుంచి మెయిన్ రోడ్డుకి దానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి. మామూలు కాలర్ కూడా చాలదు, దీని తల సన్నం, మెడ బలం, వెనక్కి ఒక్క గుంజు గుంజితే కాలర్ ఊడి మీ చేతిలో ఉంటుంది. గుంజితే కాస్త బిగుసుకునే మార్టింగేల్ కాలరో, సరిగ్గా సరిపోయే హార్నెస్సో వాడండి. పరిగెత్తించాలంటే మన జీహెచ్‌ఎంసీ వాళ్ళు 2018లో ఇక్కడే కొండాపూర్‌లో తెరిచిన డాగ్ పార్క్ లాంటి కంచె ఉన్న చోటికి తీసుకెళ్ళండి. కంచె ఉన్నా ఒక కన్ను వేసి ఉంచండి, ఇది ఇనుప జాలీ కంచెని గోళ్ళతో పట్టుకుని ఎక్కేస్తుంది.

వీధి కుక్కలు ఇంకో తలనొప్పి. బసెంజీకి కొత్త కుక్కలంటే, ముఖ్యంగా తన జెండర్ కుక్కలంటే పడకపోవచ్చు. మన గల్లీల్లో గుంపులు ఉంటాయి. నేను చేసేదేంటంటే మా వీధిలో వాటికి అన్నం పెట్టే ఆంటీతో పరిచయం చేసుకున్నా, ఏ కుక్క ఏ మూల ఉంటుందో, ఏ టైమ్‌కి తినడానికి వెళ్తుందో ఆవిడకి తెలుసు, అవి తినడానికి వెళ్ళిన టైమ్‌లో ఖాళీ అయిన మూల వైపు వాకింగ్‌కి వెళ్తాం. కర్ర పట్టుకుని తిరగడం కంటే ఇది నయం.

ఎండ సంగతి అందరికీ తెలిసిందే, ఆఫ్రికా కుక్క కదా తట్టుకుంటుంది అంటారు, ఆఫ్రికా అడవిలో తారు రోడ్డు లేదండీ. ఏప్రిల్, మేలో పొద్దున ఆరు లోపల, రాత్రి ఎనిమిది తర్వాత. అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఏడు సెకన్లు పెట్టి చూడండి, మీకు కాలితే దానికీ కాలుతుంది. వానాకాలం మాత్రం ఇంకో గోల. దీనికి తడి అంటే పరమ అసహ్యం, జూలైలో ముసురు పట్టిందంటే గేటు దాకా వచ్చి ఒక్క చుక్క మీద పడగానే వెనక్కి తిరుగుతుంది, గంటలు గంటలు బిగబట్టుకుంటుంది. పార్కింగ్‌లో ఒక మూల దానికి అలవాటు చేసి పెట్టుకోండి, అసోసియేషన్‌కి ముందే చెప్పి, కడిగే బాధ్యత మీదే అని చెప్పి.

ఇక కొనడం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎవరికైనా బోర్ కొడితే ఏమనుకోకండి.

మన దేశంలో బసెంజీలు చాలా తక్కువ. అందుకని ఆన్‌లైన్‌లో "బసెంజీ పప్పీ అవైలబుల్, హోమ్ డెలివరీ" అని కనపడితే ముందు మన వీధుల్లోకి ఒకసారి చూడండి. ఎర్రగా ఉండి, కాళ్ళు తెల్లగా ఉండి, తోక చుట్టుకుని, చెవులు నిక్కపొడుచుకున్న కుక్కలు మన దగ్గర ఎన్ని లేవు? ఆరు వారాల పిల్లని ఫొటో తీసి పెడితే తేడా చెప్పడం ఎవరి వల్లా కాదు. డబ్బు పోయిందని కాదు నా బాధ, మన వీధి కుక్క బంగారం, దాన్ని ఊరికే దత్తత తీసుకోవచ్చు, కానీ అక్కడెక్కడో ఒక తల్లి దగ్గర్నుంచి పాలు తాగే పిల్లని లాక్కొచ్చి అమ్ముతున్నారే, దానికి మన డబ్బు పోతోంది.

ఇంకో గుర్తు చెప్తా. మామూలు కుక్కలు ఏడాదికి దాదాపు రెండుసార్లు హీట్‌కి, అంటే ఎదకి వస్తాయి. బసెంజీ ఆడది సాధారణంగా ఏడాదికి ఒక్కసారే. అంటే ఒక తల్లికి ఏడాదికి మహా అయితే ఒక ఈత, నాలుగో ఆరో పిల్లలు. కాబట్టి మీరు ఎప్పుడు ఫోన్ చేసినా, ఏ నెలలో చేసినా "ఉన్నాయి సార్, రేపే పంపిస్తా" అనేవాడి దగ్గర ఉన్నవి బసెంజీలు కాకపోవచ్చు, లేదా ఒక షెడ్డు నిండా ఆడకుక్కలు ఉండి ఉండొచ్చు. నిజంగా పెంచేవాళ్ళు మిమ్మల్ని వెయిట్ చేయమంటారు, మీరు రోజుకి ఎన్ని గంటలు ఇంట్లో ఉంటారు, బాల్కనీ ఎలా ఉంది, అద్దె ఇల్లా సొంతమా అని మీకే ఇంటర్వ్యూ పెడతారు. అలా అడిగితే కోపం తెచ్చుకోకండి.

రూల్స్ కూడా ఉన్నాయి. జంతువుల మీద క్రూరత్వ నిరోధక చట్టం కింద 2017లో డాగ్ బ్రీడింగ్ అండ్ మార్కెటింగ్ రూల్స్ వచ్చాయి. వాటి ప్రకారం బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు, మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే, నంబర్ ఉన్న చిన్న చిప్) వేయాలి. రిజిస్ట్రేషన్ కాపీ చూపించమనండి, తల్లిని చూపించమనండి, అదీ పిల్లలు ఉన్నచోటే, వాళ్ళ ఇంట్లోనే. "మధ్యలో మెట్రో స్టేషన్ దగ్గర కలుద్దాం" అంటే కలవకండి. కెన్నెల్ క్లబ్ పేపర్ ఉంటే చిప్ నంబర్ పేపర్ మీద నంబర్‌తో కలిసిందో లేదో డాక్టర్ దగ్గర స్కాన్ చేయించి చూసుకోండి. ఆ పేపర్ వంశం చెప్తుంది, ఆరోగ్యం చెప్పదు, ఈ రెండూ కలిపేసుకోవద్దు.

ఆరోగ్యం అంటే, బసెంజీ విషయంలో ఒక్క పేరు గుర్తుపెట్టుకోండి, ఫాంకోని సిండ్రోమ్. కిడ్నీ జబ్బు. మామూలుగా కిడ్నీ గ్లూకోజు, అమైనో యాసిడ్లు, బైకార్బొనేట్ లాంటి ఒంటికి కావాల్సినవాటిని వడపోసి మళ్ళీ వెనక్కి తీసుకుంటుంది. ఈ జబ్బులో ఆ వెనక్కి తీసుకునే పని చెడిపోతుంది, అన్నీ యూరిన్‌లో కొట్టుకుపోతాయి. కుక్క విపరీతంగా నీళ్ళు తాగుతుంది, విపరీతంగా పోస్తుంది, చిక్కిపోతుంది. టెస్ట్ చేస్తే యూరిన్‌లో షుగర్. అది చూసి షుగర్ జబ్బు అనుకునే ప్రమాదం ఉంది, కానీ రక్తంలో షుగర్ మామూలుగానే ఉంటుంది, అలాంటి కుక్కకి ఇన్సులిన్ ఇస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. అందుకని యూరిన్‌తో పాటు బ్లడ్ కూడా చూడమని డాక్టర్ని అడగండి. మన దగ్గర చాలామంది డాక్టర్లకి బసెంజీని చూసే అవకాశమే రాదు, వాళ్ళని తప్పు పట్టలేం, మనమే చెప్పాలి.

దీంట్లో దుర్మార్గం ఏంటంటే ఈ జబ్బు చిన్నప్పుడు బయటపడదు. ఎక్కువగా నాలుగు నుంచి ఏడేళ్ళ మధ్య మొదలవుతుంది. ఈలోపల ఆ కుక్కకి పిల్లలు పుట్టేసి, అవి ఇళ్ళకి వెళ్ళిపోయి ఉంటాయి. ఇది ఎందుకింత పాకిందంటే, ఆఫ్రికా బయట ఉన్న బసెంజీలన్నీ చాలాకాలం పాటు మొదట్లో తెచ్చిన కొద్ది కుక్కల సంతానమే. 1895లో లండన్‌లో క్రఫ్ట్స్ అనే కుక్కల షోకి తెచ్చినవి డిస్టెంపర్ అనే వైరస్ జబ్బుతో చచ్చిపోయాయి, మళ్ళీ 1937లో గానీ క్రఫ్ట్స్‌లో బసెంజీలు కనపడలేదు. రక్తం అంత ఇరుకు అయిపోయిందని 1987, 88లో కొందరు అమెరికన్ పెంపకందారులు అప్పటి జైర్‌కి, అంటే ఇప్పటి కాంగోకి వెళ్ళి ఊళ్ళలోంచి కొత్త కుక్కల్ని తెచ్చుకుంటే, అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1990లో వాటి కోసం తమ స్టడ్‌బుక్, అంటే వంశాల రిజిస్టర్ తెరిచింది. చారల బసెంజీలు, బ్రిండిల్ అంటారే, అమెరికాలో వాటికి గుర్తింపు వచ్చింది అలాగే.

మంచి వార్త ఏంటంటే 2011 నుంచి ఫాంకోనికి డైరెక్ట్ డీఎన్ఏ టెస్ట్ ఉంది. బుగ్గ లోపల స్వాబ్ తిప్పి పంపిస్తే చాలు, క్లియర్ (ఆ జన్యులోపం లేదు), క్యారియర్ (లోపం మోస్తుంది, తనకి జబ్బు రాదు), అఫెక్టెడ్ (జబ్బు వచ్చేది) అని మూడింట్లో ఒకటి వస్తుంది. తల్లీతండ్రీ ఇద్దరూ క్యారియర్లయితే పుట్టే ప్రతి పిల్లకీ జబ్బు వచ్చే ఛాన్స్ నాలుగింట ఒకటి. ఒకటి క్లియర్ అయి రెండోది క్యారియర్ అయితే పిల్లల్లో సగం క్యారియర్లు కావచ్చు గానీ జబ్బు మాత్రం రాదు. అంటే క్యారియర్‌ని చూసి భయపడక్కర్లేదు, రిపోర్ట్ లేనివాణ్ణి చూసి భయపడండి. "మా లైన్‌లో అలాంటివేం లేవు మేడమ్" అంటే అది రిపోర్ట్ కాదు, మాట. కళ్ళకి కూడా చూపు పోయే జబ్బు ఒకటి, థైరాయిడ్ తగ్గడం, పేగుల్లో ఒక రకం జబ్బు, ఇవీ ఈ బ్రీడ్‌లో ఉన్నాయి, కానీ ముందు ఫాంకోని రిపోర్ట్ అడగండి, దానికి వాళ్ళిచ్చే జవాబుని బట్టే మిగతావి తెలిసిపోతాయి.

— (ముందు వరుసలోంచి) ఇప్పటికే ఉన్న కుక్కకి రిపోర్ట్ లేకపోతే ఏం చేయాలి మేడమ్?

ఇప్పుడైనా చేయించొచ్చు, ఏ వయసులోనైనా. అది కాక నెలకోసారి యూరిన్ స్ట్రిప్‌తో షుగర్ చూసుకోండి, మనుషుల మెడికల్ షాపులో దొరికే స్ట్రిప్సే. నేనెలా పడతానంటే, పాత స్టీల్ గరిటె ఒకటి దానికే కేటాయించాం, పొడుగు కాడది, పొద్దున మొదటిసారి చెట్టు దగ్గర కాలెత్తగానే కింద పెడతా. కనపడేలా పెడితే మధ్యలో ఆపేసి నావైపు చూస్తాడు, కాబట్టి ఎటో చూస్తున్నట్టు నటిస్తూ వెనకనుంచి పెట్టాలి. మా అపార్ట్‌మెంట్ వాకింగ్ బ్యాచ్ అంకుల్స్‌కి ఇది అలవాటైపోయింది, ఇప్పుడు ఎవరూ అడగరు. (నవ్వులు) తొందరగా పట్టుకుంటే బైకార్బొనేట్ బిళ్ళలు, మినరల్స్ పద్ధతిగా ఇస్తూ బ్లడ్ టెస్టులు చూసుకుంటూ చాలా ఏళ్ళు బాగానే బతికిస్తున్నారు, దానికి గోంటో ప్రోటోకాల్ అని పేరు, మీ డాక్టర్‌కి ఆ పేరు చెప్పండి. సొంతంగా తినే సోడా వేయకండి దయచేసి.

మిగతా వైద్యం అన్ని కుక్కలకీ ఉన్నదే. డిస్టెంపర్, పార్వో టీకాలు ఆరేడు వారాలకి మొదలుపెట్టి పదహారు వారాల దాకా, మూడు నెలలకి రేబిస్, తర్వాత డాక్టర్ చెప్పిన ప్రకారం. రేబిస్ సర్టిఫికెట్ ఉంటేనే మున్సిపల్ కార్పొరేషన్ లైసెన్స్ వస్తుంది, అది తీసుకోండి, నూటికి తొంభైమంది తీసుకోరు... అంటే నేను లెక్కపెట్టలేదు, మీలో ఎంతమందికి ఉందో చేతులెత్తండి. చూశారా.

మన ఊళ్ళో అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది టిక్ ఫీవర్. పిడుదు పురుగు కుట్టడం, జ్వరం, తిండి మానేయడం, చిగుళ్ళు పాలిపోవడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం, ముదిరితే ముక్కులోంచి రక్తం. బసెంజీ మామూలుగానే తిండి దగ్గర బెట్టు చేస్తుంది, పైగా నొప్పి బయటికి చూపించదు, అందుకని "ఇవాళ తినలేదు, మూడ్ లేదేమో" అనుకుని రెండు రోజులు వదిలేస్తారు. ఒక పూట తినకుండా చెవులు వేడిగా ఉంటే సీబీపీ, అంటే రక్తకణాల లెక్క చూసే టెస్ట్ చేయించండి. పొట్టి వెంట్రుక కాబట్టి పిడుదులు వెతకడం తేలికే, చెవి లోపలి మడత, కాలి వేళ్ళ సందులు, తోక కింద, రోజూ వాకింగ్ నుంచి రాగానే చేత్తో తడమండి.

— (ఒక పెద్దాయన) మేం ఇంట్లో పెరుగన్నమే పెడతాం అమ్మా అన్ని కుక్కలకీ. దీనికి నడుస్తుందా?

పెరుగన్నం ఒక్కటే అంటే ఏ కుక్కకీ చాలదు అంకుల్. దాంతో పాటు ఉడికించిన చికెనో గుడ్డో ఉండాలి, ఉప్పూకారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా. ఆదివారం మటన్ తిన్నాక ఉడికిన బొక్కలు వేస్తారు చూడండి ప్రేమగా, అది మానేయండి, అవి చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. ద్రాక్షపళ్ళు, కిస్‌మిస్ అసలు వద్దు, ప్రసాదం పులిహోరలో జీడిపప్పు తీసి పెట్టినట్టు పరమాన్నంలో కిస్‌మిస్ తీసి పెట్టేవాళ్ళున్నారు మా ఇంట్లోనే, పేరు చెప్పను.

పండగలు ఒక్క మాట. దీపావళికి తలుపులు మూసి ఫ్యాన్ శబ్దం పెట్టి దగ్గర కూర్చోవడం అందరూ చేసేదే. సంక్రాంతికి మాత్రం మన హైదరాబాద్‌లో తెగిన మాంజా రోడ్ల మీద, చెట్లకి వేలాడుతూ రోజుల తరబడి ఉంటుంది. వేట కుక్కకి అది కదులుతూ కనపడితే వెళ్ళి పట్టుకుంటుంది, పాదాలు, నోరు కోసుకుపోతాయి. జనవరి రెండో వారం నుంచి నెలాఖరు దాకా నేను లీష్ పొట్టిగా పట్టుకుంటా.

— (ఒక అమ్మాయి) నేను ఒక్కదాన్నే ఉంటాను అక్కా, వారానికి మూడు రోజులు ఆఫీస్, గచ్చిబౌలిలోనే. బసెంజీ తీసుకోవచ్చా?

ఆ మూడు రోజులు ఎవరు చూస్తారు? ... ఎవరూ లేరు అంటే ఇప్పుడే వద్దమ్మా. ఇది ఒంటరిగా ఉంటే బోర్ కొట్టి ఏడ్చి ఊరుకోదు, పని వెతుక్కుంటుంది. సోఫా, రిమోట్, వైఫై రూటర్ వైరు, మా ఇంట్లో గోడకి ప్లాస్టర్ కూడా పోయింది ఒక చోట. క్రేట్, అంటే కుక్క పడుకునే బోను, అలవాటు చిన్నప్పటి నుంచే చేయాలి, అందులో తిండి పెడుతూ, తలుపు తీసి ఉంచి, నెమ్మదిగా. అలాగని తొమ్మిది గంటలు క్రేట్‌లో పెట్టి వెళ్ళమని కాదు. పదమూడు పద్నాలుగేళ్ళు బతుకుతుంది ఇది. అన్నేళ్ళలో నీ ఉద్యోగం మారుతుంది, ఇల్లు మారుతుంది, పెళ్ళి అవ్వొచ్చు, వాటన్నిట్లో దీనికి చోటుంటుందా అన్నది ఆలోచించు. అప్పట్లో హచ్ యాడ్ చూసి పగ్‌లు తెచ్చుకున్నారు, తర్వాత హస్కీల మోజు, మన ఎండలో హస్కీ! షెల్టర్లకి వెళ్ళి అడిగితే ఆ మోజు ఎక్కడ తేలిందో చెప్తారు. నీకు కుక్క కావాలనిపిస్తే బ్లూ క్రాస్ లాంటి జంతువుల షెల్టర్‌కి శనివారాలు వెళ్ళు, ఫోస్టర్‌గా ఒకదాన్ని కొన్నాళ్ళు ఇంట్లో పెట్టుకో, నీ రోజు ఎలా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది.

— మన తెలుగు కుక్కల్లో ఇలాంటివి లేవా?

భలే అడిగారు. ఉంది, జోనంగి. కృష్ణా, గోదావరి జిల్లాలు, కొల్లేరు చుట్టుపక్కల. పొట్టి వెంట్రుక, నుదుటి మీద ముడతలు, ఇదీ మొరగడం తక్కువ, రాగం తీస్తుంది అని పెంచినవాళ్ళు చెప్తారు. బాతుల మందల్ని కాసేది, బాతులు పోయి చేపల చెరువులు వచ్చాక దానికి పని పోయింది, కుక్కలూ తగ్గిపోయాయి. కర్నూలు జిల్లాలో పందికోన అనే జాతి ఉంది. వీటి గురించి నేను చెప్పడం కంటే పెంచేవాళ్ళని పిలిపించి వినండి. కానీ ఒకటి, జోనంగి కూడా పొలాల్లో పరిగెత్తిన కుక్కే, బసెంజీకి నేను చెప్పిన జాగ్రత్తలన్నీ దానికీ వర్తిస్తాయి. "మొరగదట కదా" అని దాన్ని తెచ్చి ఫ్లాట్‌లో పెడితే మళ్ళీ మొదటికే వచ్చాం.

— మా అసోసియేషన్ వాళ్ళు కుక్కతో లిఫ్ట్ ఎక్కొద్దు అంటున్నారు. ఏం చేయాలి?

యానిమల్ వెల్ఫేర్ బోర్డు 2015లో ఇచ్చిన గైడ్‌లైన్స్ ఉన్నాయి, పెంపుడు కుక్కల్ని నిషేధించడం, లిఫ్ట్ ఎక్కనివ్వకపోవడం అసోసియేషన్ చేయకూడదు, జనరల్ బాడీలో మెజారిటీ ఉన్నా సరే. ప్రింట్ తీసి మర్యాదగా ఇవ్వండి, వాట్సాప్ గ్రూప్‌లో గొడవ పెట్టుకోకండి. కానీ అదే కాగితంలో మన వంతు కూడా ఉంది, లీష్ మీద ఉంచడం, కుక్క చేసింది మనమే ఎత్తడం. చేతిలో కవర్ లేకుండా వాకింగ్‌కి వచ్చేవాళ్ళ వల్లే సగం గొడవలు.

— (వెనక నుంచి) మేం వచ్చే ఏడాది అమెరికా వెళ్ళొచ్చు, కుక్కని తీసుకెళ్ళడం కుదురుతుందా?

కుదురుతుంది, కానీ వీసా వచ్చాక మొదలుపెడితే ఆలస్యం అయిపోతుంది. రేబిస్ విషయంలో అమెరికా వాళ్ళ హై రిస్క్ దేశాల లిస్టులో మనం ఉన్నాం, 2024 ఆగస్టు నుంచి రూల్స్ గట్టిపడ్డాయి. కుక్కకి ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ముందు వేసి ఆ తర్వాతే రేబిస్ టీకా వేయాలి, వరస తప్పితే ఆ టీకా లెక్కలోకి రాదు. తర్వాత రక్తంలో యాంటీబాడీల టెస్ట్, టైటర్ అంటారు, అది వాళ్ళు ఒప్పుకున్న ల్యాబ్‌లోనే. మొదటి టీకా వేశాక నెల ఆగి రక్తం తీయాలి, తీశాక మళ్ళీ నాలుగు వారాలైనా గడవాలి అక్కడ దిగడానికి. దిగేచోట కూడా వాళ్ళు చెప్పిన కేర్ సెంటర్‌లో ముందే బుకింగ్ ఉండాలి, టైటర్ లేకపోతే 28 రోజులు క్వారంటైన్, ఆ ఖర్చు మనదే. కాబట్టి మీరు వచ్చే ఏడాది అంటున్నారు గనక ఈ వారమే చిప్ వేయించేయండి, ఇక్కడే ఇవాళ ఒక డాక్టర్ గారు స్కానర్ తెచ్చారు, ఇప్పటికే ఉందో లేదో ముందు అది చూపించుకోండి.